సరుకుకి పేరుంది, మనిషికి లేదు: బెండమూర్లంక నుంచి రంప దాకా



మారేడుమిల్లి, అడ్డతీగల, వై.రామవరం, రాజవొమ్మంగి నుంచి కిందకి దిగొచ్చి అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో హాస్టళ్ళల్లో ఉండి చదువుతున్న మనోళ్ళల్లో ఇంగ్లీషు తీసుకున్న వాళ్ళం కొందరం ఉన్నాం. మాకు కొరుకుడు పడని పేపరు ఒకటుంది. 1660 నుంచి 1800 దాకా ఇంగ్లీషు సాహిత్యం, సమాజం. చార్లెస్ రాజు తిరిగొచ్చాడు, మూసేసిన నాటకశాలలు తెరిచారు, లండన్ నిండా కాఫీ హోటళ్ళు వెలిశాయి, ఆ హోటళ్ళల్లో కూర్చుని డ్రైడెన్, పోప్, అడిసన్ లాంటివాళ్ళు తోటి రచయితల్ని వెక్కిరించారు. గైడులో ఉండేది ఇంతే. మాకు ఈ పేపరు చెప్పిన ఒక సారు మొదటి క్లాసులోనే, "మీ ఏజెన్సీ పిల్లలకి ఇది ఎక్కదు, బట్టీ పట్టండి, పాసయితే చాలు" అన్నారు. ఏ కాలేజీ అని అడక్కండి, ఇలాంటి సార్లు అన్ని చోట్లా ఉన్నారు.

ఈ పోస్టు ఆ పేపరు గురించే. ఆ పుస్తకాల్లో కోనసీమ ఉంది. మనమూ ఉన్నాం, కాకపోతే పేరు లేకుండా ఉన్నాం. కొంచెం పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

ముందు గుడ్డ సంగతి. రాజోలు వైపు వాళ్ళకి సఖినేటిపల్లి రేవు తెలుసు. పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే నర్సాపురం పక్కన మాధవాయిపాలెంలో దిగుతాం. ఆ ఊరి పేరు నోరు తిరక్క ఇంగ్లీషోళ్ళు 'మడపోలం' అన్నారు. అక్కడ వాళ్ళు కొన్న మెత్తటి తెల్ల నూలుగుడ్డకి ఆ ఊరి పేరే పెట్టేశారు. మాట ఇంగ్లీషు నిఘంటువుకెక్కింది, ఇవాళ్టికీ ఆ పేరుతో గుడ్డ అమ్ముతున్నారు. నదికి ఇటుపక్క, అమలాపురం నుంచి అల్లవరం వైపు సముద్రం దగ్గరికి పోతే బెండమూర్లంక. యానాం పక్కన ఇంజరం. ఈ మూడు చోట్లా ఈస్టిండియా కంపెనీకి కొఠీలుండేవి. వాళ్ళు వీటిని ఫ్యాక్టరీలు అన్నారు గానీ మిషన్లేమీ లేవు. ఒక గిడ్డంగి, నలుగురైదుగురు తెల్ల గుమాస్తాలు, మాట చెప్పడానికి దుబాసీలు, మధ్యలో దళారులు. నేతగాడికి ముందే బయానా ఇచ్చేవాళ్ళు. బయానా తీసుకున్నాక గుడ్డ వేరేవాళ్ళకి అమ్మడానికి లేదు. పక్కనే పాలకొల్లులో, ద్రాక్షారామంలో డచ్చివాళ్ళు, యానాంలో ఫ్రెంచివాళ్ళు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ వచ్చి ఇంగ్లీషోళ్ళ మూడు కొఠీలనీ పట్టుకున్నాడు. బొబ్బిలి యుద్ధం జరిగిన ఏడాదే అది.

ఇప్పుడు లండన్‌కి వెళ్దాం. మన దేశపు గుడ్డ అక్కడ ఆడవాళ్ళకి విపరీతంగా నచ్చింది. తేలిక, ఉతికితే రంగు పోదు, ఉన్ని కంటే చవక. ఉన్ని నేసేవాళ్ళూ, పట్టు నేసేవాళ్ళూ గగ్గోలు పెట్టారు. 1700లో పార్లమెంటు అద్దకం గుడ్డలు దిగుమతి చేసుకోవడం ఆపేసింది. తెల్లగుడ్డ మాత్రం రానిచ్చింది. అయితే తెల్లగుడ్డ తెచ్చుకుని లండన్‌లోనే అద్దకాలు వేసుకోవడం మొదలైంది. 1719లో స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్ళు వీధుల్లో పడ్డారు. ఒంటిమీద అద్దకం గుడ్డ కనబడితే చాలు, ఆ ఆడమనిషిని వెంటపడి గుడ్డలు చింపారు, సిరా పోశారు, కొన్నిచోట్ల యాసిడ్ లాంటిది కూడా పోశారు. 1721లో ఇంకో చట్టం వచ్చి కట్టుకోవడమే నేరం చేసింది. ఈ గొడవలో ఉన్నివాళ్ళ తరఫున కలం పట్టుకుని వారం వారం పత్రికలో రాసిన పెద్దమనిషి డేనియల్ డెఫో. మన సిలబస్‌లో ఉన్న డెఫోనే. రాబిన్సన్ క్రూసో అచ్చయింది కూడా సరిగ్గా 1719లోనే.

గైడులో 'మొదటి ఇంగ్లీషు నవల' అని ఒక లైను ఉంటుంది. ఆ నవల రాసిన చేత్తోనే మన తీరం గుడ్డ మీద పోరాటం నడిపాడని ఉండదు. డెఫో బాధ అబద్ధమని మేం అనట్లేదు. స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాడికీ కడుపుంది. కానీ ఆ వాదంలో ఎక్కడా గుడ్డ నేసిన మనిషి మొహం ఉండదు. కాలికో ఉంటుంది, చింట్జ్ ఉంటుంది. ఆ గుడ్డల పేర్లు మన ఊళ్ళ నుంచీ, మన దేశపు మాటల నుంచీ పోయినవే. బెండమూర్లంకలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకు కూర్చున్న మనిషి మాత్రం లేడు. శతాబ్దం చివరికొచ్చేసరికి ఈ డెల్టా నేతగాళ్ళే కంపెనీ బయానాల పద్ధతి మీద తిరగబడ్డారు, అర్జీలు పెట్టారు. అది ఇంగ్లీషు సాహిత్యం పేపర్లోకి రాలేదు, కంపెనీ కాగితాల్లో ఉండిపోయింది.

ఇంకో ముక్క. యూరప్ వాళ్ళు ఆఫ్రికాలో మనుషుల్ని కొన్నది ఎక్కువగా దేనితో? గుడ్డతో. అందులో మన దేశపు నూలుగుడ్డ, ముఖ్యంగా కోరమాండల్ తీరం గుడ్డ చాలా ఉంది. క్రూసో ఓడ పగిలింది ఎందుకనుకుంటున్నారు? బ్రెజిల్‌లో తన తోటకి బానిసల్ని తెచ్చుకోవడానికి ఆఫ్రికా బయల్దేరి. పిల్లల పుస్తకాల్లో ఈ సంగతి తీసేస్తారు.

ఇక పేర్ల సంగతి. క్రూసో తన దీవిలో ఒక ఆదివాసీ యువకుణ్ణి కాపాడతాడు. నీ పేరేంటని అడగడు. దొరికింది శుక్రవారం కాబట్టి 'ఫ్రైడే' అని పెట్టేస్తాడు. తన పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు 'మాస్టర్' అని పిలవమని నేర్పిస్తాడు. అంటే దొర అని. వారం పేర్లు మనలోనూ ఉన్నాయి. సోమన్న, మంగన్న, బుద్రు, సుక్రు. మన్యంలో ఏ ఊరికెళ్ళినా ఇద్దరు ముగ్గురు ఉంటారు. కానీ ఆ పేరు అమ్మో తాతో పెట్టింది. ఎవడో ఒడ్డుకి కొట్టుకొచ్చి పెట్టింది కాదు. బళ్ళో చేర్పించిన రోజున "ఇదేం పేరు" అని ఇంకో పేరు రాసేసిన సంగతి ఈ గ్రూపులో ఎంతమందికి జరిగిందో మీకే తెలుసు.

డెఫో కంటే ముప్ఫై ఏళ్ళ ముందు, 1688లో, అఫ్రా బెన్ అనే ఆవిడ 'ఒరూనోకో' రాసింది. కలం మీద బతికిన తొలి ఇంగ్లీషు ఆడవాళ్ళల్లో ఆవిడ పేరు ముందు చెప్తారు. కథానాయకుడు ఆఫ్రికా రాకుమారుడు, మోసంతో బానిసై సూరినామ్ తోటల్లోకి వస్తాడు. ఆవిడకి అతనంటే గౌరవం, అది చదువుతుంటే తెలుస్తుంది. కానీ అతను గొప్పవాడని చెప్పడానికి ముక్కు, మూతి యూరప్ వాళ్ళలా ఉన్నాయంటుంది. తోటకి రాగానే అతని పేరు కూడా మారిపోతుంది, సీజర్ అని. మన సినిమాల్లో చూడండి, అడివి పిల్ల హీరోయిన్ అయితే ఆమె ఒక్కతే తెల్లగా ఉంటుంది, గూడెం మిగతా అంతా ఈకలు పెట్టుకుని వెనకాల గంతులేస్తుంటారు. మూడొందల ఏళ్ళయినా అదే ఫార్ములా.

ఇక యారికో కథ. ఇది మన ఆడపిల్లలు తప్పకుండా చదవాలి. 'స్పెక్టేటర్' అని అడిసన్, స్టీల్ కలిసి 1711లో మొదలెట్టిన పత్రిక. కాఫీ హోటళ్ళల్లో చదువుకునే చిన్న వ్యాసాలు. మన పానుగంటి లక్ష్మీనరసింహారావు గారి 'సాక్షి' వ్యాసాలకి అదే నమూనా. ఆ స్పెక్టేటర్ మొదలైన నెలలోనే స్టీల్ ఒక వ్యాసంలో ఈ కథ చెప్పాడు. ఇంకిల్ అనే లండన్ వర్తకుడు అమెరికా ఒడ్డున చిక్కుకుంటాడు. తోటివాళ్ళు చచ్చిపోతారు. యారికో అనే ఆదివాసీ పిల్ల అతన్ని గుహలో దాచి, తిండి పెట్టి, నెలల తరబడి కాపాడుతుంది. మా దేశం తీసుకెళ్తా, పట్టుబట్టలు కడతా అంటాడు. ఓడ దొరుకుతుంది, ఇద్దరూ బార్బడోస్ చేరతారు. అక్కడ దిగగానే అతను లెక్క వేసుకుంటాడు. ఇన్ని నెలలు వ్యాపారం లేక ఎంత నష్టమైంది అని. ఆమెను బానిసగా అమ్మేస్తాడు. కడుపుతో ఉన్నానని ఆమె ఏడిస్తే, ఆ మాట చెప్పి ధర పెంచుతాడు.

ఈ కథలో ఆదివాసీకి సొంత పేరుంది. అందుకే ఇంగ్లండ్ అంతా ఆ పేరు గుర్తుపెట్టుకుంది, శతాబ్దం పొడుగునా దాని మీద పద్యాలూ నాటకాలూ వచ్చాయి. మాకు మాత్రం ఇది చదివినప్పుడు 1/70 చట్టం గుర్తొచ్చింది. గిరిజనేతరుడు ఏజెన్సీలో భూమి కొనకూడదు. అందుకని మన పిల్లని చేసుకుంటాడు, లేదా చేసుకున్నట్టు ఉంటాడు. భూమి ఆమె పేరున, కాగితాలు అతని బీరువాలో. కింద ఊళ్ళో అతనికి ఇంకో సంసారం. యారికోలు మన మండలాల్లో ఎంతమంది ఉన్నారో లెక్క ఎవరు తీశారు? ఇంకిల్ లెక్క మాత్రం పక్కాగా ఉంటుంది.

ఈ మొత్తం పేపర్లో మాకు బాగా నచ్చినవాడు జొనాథన్ స్విఫ్ట్. ఐర్లండ్‌లో, డబ్లిన్‌లో ఒక పెద్ద చర్చికి డీన్. ఐర్లండ్ అప్పటికి ఇంగ్లండ్ చేతికింద నలిగిపోతున్న దేశం. వాళ్ళ ఉన్ని బట్టని బయటికి అమ్ముకోనివ్వరు. 1720లో స్విఫ్ట్ పేరు పెట్టకుండా ఒక కరపత్రం వేశాడు. మన దేశంలో నేసిందే కట్టుకుందాం, ఇంగ్లండ్ సరుకు ముట్టుకోవద్దు అని. అచ్చువేసినవాడి మీద కేసు పెట్టారు. గాంధీగారి విదేశీ వస్త్ర బహిష్కరణకి రెండొందల ఏళ్ళ ముందు మాట ఇది. లండన్‌లో డెఫో గుడ్డ గొడవ, డబ్లిన్‌లో స్విఫ్ట్ గుడ్డ గొడవ ఒకే కాలంలో జరిగాయి. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. ఒకటి బలవంతుడి బజారు కాపాడుకోవడం, రెండోది బక్కవాడి మగ్గం కాపాడుకోవడం.

1726లో 'గలివర్ యాత్రలు' వచ్చింది. మరుగుజ్జులూ, రాక్షసులూ అందరికీ తెలుసు. చివరి అధ్యాయం మాత్రం ఎవరూ చదవరు. నువ్వు చూసిన దేశాల్ని మన రాజు పేరున ఎందుకు కలపలేదు అని గలివర్‌ని అడుగుతారు. అతను చెప్పే జవాబు సారాంశం ఇది: దారి తప్పిన దొంగల ఓడ ఒకటి ఎక్కడో ఒడ్డుకి చేరుతుంది. అక్కడివాళ్ళు ఆదరించి తిండి పెడతారు. వీళ్ళు ఆ దేశానికి కొత్త పేరు పెట్టి, ఒక చెక్కో రాయో గుర్తుగా పాతి, కొంతమందిని చంపి, ఒకరిద్దర్ని నమూనాకి పట్టుకుని ఇంటికెళ్ళి క్షమాపణ పొందుతారు. తర్వాత ఓడలొస్తాయి, బంగారం కోసం చిత్రహింసలు మొదలవుతాయి. దాన్ని నాగరికత నేర్పే వలస రాజ్యం అంటారు. కంపెనీ మన జిల్లాకి దొర కావడానికి నలభై ఏళ్ళ ముందే పనివిధానం మొత్తం కాగితం మీద పెట్టేశాడు స్విఫ్ట్. పరీక్షలో పది మార్కులకి రాయొచ్చు, ఏ గైడులోనూ ఉండదు.

ఆ నలభై ఏళ్ళకి ఏం జరిగిందంటే, 1765లో క్లైవు మొగలు బాదుషా దగ్గర ఉత్తర సర్కారులకి ఫర్మానా రాయించుకున్నాడు. 1766 నవంబరులో నిజాం ఒప్పుకుని సంతకం పెట్టాడు. రాజమండ్రి సర్కారు, అందులో కోనసీమ, కంపెనీకి పోయాయి. అదే 1766 మార్చిలో లండన్‌లో ఆలివర్ గోల్డ్‌స్మిత్ 'వేక్‌ఫీల్డ్ వికారు' నవల అచ్చయింది. డబ్బు పోగొట్టుకున్న ఒక మంచి మతగురువు కుటుంబం కష్టాల కథ. ఇది మన గోదావరికి రావడానికి నూటపన్నెండేళ్ళు పట్టింది. 1878లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన 'వివేకవర్ధని' పత్రికలో 'రాజశేఖర చరిత్రము' వరసగా వేయడం మొదలుపెట్టారు. 1880లో పుస్తకమైంది. గోల్డ్‌స్మిత్ ప్రేరణతో రాశారు, కథని ధవళేశ్వరానికి తెచ్చారు. తెలుగు నవలకి అదే మొదలని చాలామంది అంటారు. స్విఫ్ట్‌ని కూడా పంతులుగారే తెచ్చారు. 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు'లో ఆడవాళ్ళు ఏలే రాజ్యం పెట్టి, మన మగవాళ్ళు ఆడవాళ్ళని చేసేవన్నీ తిరగేసి చూపించారు. బాల్యవివాహాలు, విధవల బతుకులు ఆయన పోరాటం. ఆ పోరాటానికి ఇంగ్లీషు పుస్తకాల్ని బాగా వాడుకున్నారు.

ఇప్పుడు ఆ తేదీలు మళ్ళీ చూడండి. 1878 నుంచి 1880. పంతులుగారి పత్రికలో నవల నడుస్తున్నప్పుడే, అదే గోదావరి జిల్లాలో, రాజమండ్రికి యాభై అరవై కిలోమీటర్ల ఎగువన, 1879 మార్చిలో రంప లేచింది.

కొండల మీద కంపెనీ నేరుగా పాలించలేదు. 1813లో రంప మన్సబ్‌దారు రామభూపతిదేవుతో ఒప్పందం చేసుకుని శిస్తు లేకుండా వదిలేసింది, శాంతిభద్రతలు నువ్వు చూసుకో అని. కింద ముఠాదార్లు, ముఠాల్లో మనోళ్ళు. తర్వాతి మన్సబ్‌దారు ముఠాదార్ల నుంచి గుంజడం పెంచాడు. ఆపైన సర్కారు కొత్త ఆబ్కారీ పద్ధతి వచ్చింది. ఇంట్లో తాగడానికి చెట్టెక్కి కల్లు గీసుకున్నా పన్ను, దానికి కింద నుంచి వచ్చిన గుత్తేదారు. చిగురుపన్ను అంటారే, అది. షావుకారు రాయించుకున్న ప్రోనోటు మీద కింద కోర్టులో దావా, మనోడికి ఆ సంగతే తెలీదు, ఏకపక్షంగా డిక్రీ, పశువులు జప్తు. చోడవరంలో మొదలై అడ్డతీగల స్టేషను తగలబడే దాకా పోయింది. మద్రాసు సైన్యం దిగింది. కారం తమ్మన్నదొరనీ, ద్వారబంధాల చంద్రయ్యనీ 1880లోనే చంపేశారు. చివరికి సర్కారు విచారణే మన్సబ్‌దారు దోపిడీ, కల్లు పన్ను అసలు కారణాలని ఒప్పుకుంది. మన్సబ్‌దారుని తీసేసింది. కాగితాల్లో మాత్రం ఈ పోరాటానికి పెట్టిన పేరు 'పితూరీ'. అంటే అలజడి, తిరుగుబాటు.

పంతులుగారి నవల్లో రంప ఎందుకు లేదని మేం అడగట్లేదు, ఆయన రాసిన కథ వేరు. అడగాల్సింది గోల్డ్‌స్మిత్‌ని. ఆయన 1770లో 'పాడుబడ్డ ఊరు' అని ఒక పెద్ద పద్యం రాశాడు. సిలబస్‌లో ఉంది. డబ్బున్నవాడి భూమి ఆశకి ఆబర్న్ అనే ఊరు ఖాళీ అయిపోతుంది. బడి పంతులు, చర్చి గురువు, కల్లుపాక లాంటి సత్రం, సాయంత్రం పిల్లల కేకలు, అన్నీ గుర్తుచేసుకుని ఏడుస్తాడు కవి. దేవీపట్నం మండలం నుంచి పోలవరం ముంపుకి ఊరొదిలి పునరావాస కాలనీల్లోకి వచ్చిన మన కొండరెడ్ల పిల్లలు ఇద్దరికి ఈ పద్యం తెలుగులో చెప్పాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకళ్ళు, "వాళ్ళ ఊళ్ళో గుడి ఉందా, దేవుణ్ణి కూడా తీసుకెళ్ళారా?" అని అడిగారు. గోల్డ్‌స్మిత్‌కి ఆ ప్రశ్న తట్టలేదు, మాకు జవాబు లేదు.

అయితే ఊరొదిలిన ఆ ఇంగ్లీషు రైతులు ఎక్కడికి పోతారు? ఓడెక్కి అమెరికాకి, జార్జియా అడవుల్లోకి. అక్కడ ఎండ, తేళ్ళు, పాములు, పొంచి ఉన్న పులులు, ఆ పులుల కంటే క్రూరమైన అడివి మనుషులు అని రాశాడు గోల్డ్‌స్మిత్. అంత మెత్తటి గుండె ఉన్న కవి! తన ఊరి చెట్టు చెట్టుకీ ఏడ్చినవాడు, ఆ రైతులు పోయి ఎవరి ఊరి మీద పడుతున్నారో ఒక్క నిమిషం ఆలోచించలేదు. ఆ నది ఒడ్డున కూడా ఊళ్ళున్నాయి, పేర్లున్నాయి, సాయంత్రాలు పిల్లల కేకలున్నాయి. ఆయన లెక్కలో వాళ్ళు పులి తర్వాత వచ్చే ఐటమ్. పద్యం గొప్పది. మాకు నోటికొచ్చు. ఆ రెండు లైన్ల దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగిపోతాం.

సెమిస్టరు దగ్గరికొస్తోంది కాబట్టి ఇంగ్లీషు వాళ్ళకి ఒక మాట. క్రూసో, గలివర్, గోల్డ్‌స్మిత్ మీద మేం రాసుకున్న తెలుగు నోట్సు కావాలంటే మెసేజ్ పెట్టండి, పంపిస్తాం. 'ఒరూనోకో' చిన్న పుస్తకం, ఇంగ్లీషులో నేరుగా చదవండి, భయపడకండి.

మిగతావాళ్ళకి ఇంకో పని. 1907లో అచ్చయిన గోదావరి జిల్లా గెజిటీరులో రంప పోరాటం గురించి రాసిన చోట మనోళ్ళ పేర్లు కొన్నే కనబడతాయి. తమ్మన్నదొర, చంద్రయ్య, బోదులూరు అంబుల్ రెడ్డి, పులికంట సాంబయ్య, ఇంకో నలుగురైదుగురు. అండమాన్ పోయినవాళ్ళు, అడివిలోనే చచ్చిపోయినవాళ్ళు, అన్నం మూట పట్టుకెళ్ళి ఇచ్చిన ఆడవాళ్ళు అందులో లేరు. మీ ఇళ్ళల్లో తాతలు, అమ్మమ్మలు చెప్పే పేరు ఒక్కటైనా ఉంటే, ఊరు పేరుతో సహా కింద కామెంట్లో రాయండి. కోయలో అయినా, మన తెలుగులో అయినా పర్లేదు. రాయడం కుదరకపోతే ముసలమ్మ చెప్తుండగా ఫోన్లో రికార్డు చేసి పంపండి. టైపు మేం చేస్తాం.